వాకిట్లో లైట్లు: ఎన్ని, ఎక్కడ, ఎట్లా

ప్రశ్న: ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అరుగు కట్టించి నల్ల గ్రానైట్ పరిపించాం. అక్కడి నుంచి గేటుకు 25 అడుగుల బాట, పక్కన తులసి గద్దె, ఓ మూల మామిడి చెట్టు. సజ్జకు 50 వాట్ల ఫ్లడ్ లైటు పెట్టిస్తే కళ్లు జిగేల్‌మంటున్నాయి. అరుగు మీద కూర్చోబుద్ధి కావడం లేదు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు 4,500 ల్యూమెన్లకు (వెలుగును కొలిచే లెక్క ఇది) అటూ ఇటూ వెలుగిస్తుంది. కూర్చుని ముచ్చట పెట్టుకోవడానికి మీ అరుగుకు 1,100 ల్యూమెన్లు చాలు. పైగా పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్ అద్దంలా పనిచేస్తుంది. పైన ఒక లైటు, కింద బండలో దాని ప్రతిబింబం ఇంకో లైటు, రెండూ కంట్లో పొడుస్తాయి. అందుకే వెలుగును బండ మీద కాకుండా గోడ మీద వేయాలి. దర్వాజకు రెండు పక్కలా, పది అడుగుల ఎడంతో, ఆరున్నర అడుగుల ఎత్తులో 6 వాట్ల గోడ లైట్లు రెండు పెట్టించండి. బల్బు కనబడకుండా మూత ఉండి, వెలుగు గోడ మీదుగా కిందికి జారేవి తీసుకోండి. రంగు 2,700 నుంచి 3,000 కెల్విన్ మధ్య, అంటే పసుపు ఛాయలో ఉండాలి. షాపువాళ్లు 6,500 తెల్లది చూపిస్తారు. షాపులో అది బాగానే కనిపిస్తుంది, అరుగు మీద మాత్రం ఆస్పత్రి వరండాలా ఉంటుంది.

బాటకు రెండడుగుల ఎత్తు పొట్టి స్తంభాల లైట్లు, 3 వాట్లవి, నాలుగు సరిపోతాయి. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, ఏడెనిమిది అడుగులకు ఒకటి. అన్నీ ఒకే వరుసలో పెడితే రన్‌వేలా ఉంటుంది. మామిడికి మొదలు నుంచి రెండడుగుల దూరంలో నేలలో గుచ్చే 7 వాట్ల స్పైక్ లైటు ఒకటి. దాని ముఖం పక్కింటి కిటికీ వైపు తిరగకూడదు. తులసి గద్దెకు ఏ లైటూ వద్దు. సంధ్యాదీపం కనబడాలంటే చుట్టూ కొంత చీకటి ఉండాలి.

అరుగుకు, బాటకు, చెట్టుకు వేర్వేరు స్విచ్‌లు పెట్టించండి. ఫ్లడ్ లైటును పీకేయకండి, దానికీ ఒక స్విచ్ ఇవ్వండి. పదిమందీ చేరి బతుకమ్మ ఆడే రోజు అదే పనికొస్తుంది.

కొనేముందు ఒక రాత్రి హోల్డరు, పొడుగు వైరు, 5 లేదా 7 వాట్ల బల్బు తీసుకుని, అట్టముక్క అడ్డం పెట్టి, అనుకున్న చోట ఒకరిని పట్టుకోమనండి. మీరు కుర్చీలో కూర్చుని చూడండి. బల్బు కంటికి కనబడితే చోటు మార్చాలి.

ప్రశ్న: తోట లైట్లన్నీ ఐపీ65వే (దుమ్ము, చిమ్మే నీళ్లు లోపలికి పోనివి). అయినా వాన పడితే చాలు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి డైరెక్ట్ ఇద్దామంటున్నాడు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దే వద్దు. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రాణం కాపాడే వస్తువు. వాన పడ్డప్పుడల్లా అది పడిపోతుందంటే ఎక్కడో కరెంటు మట్టిలోకి కారుతున్నట్టే.

ఐపీ65 అన్నది లైటు డొక్కు వరకే వర్తిస్తుంది. దానితో వచ్చే అడుగు పొడవు వైరును మీ కేబుల్‌కు కలిపి, టేపు చుట్టి మట్టిలో పూడ్చేస్తారు. చాలావరకు తప్పు అక్కడే ఉంటుంది. ఇంకొకటి: లైటు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆర్పగానే చల్లబడి, వైరు సందుల్లోంచి తడిగాలిని లోపలికి పీలుస్తుంది. అద్దం లోపల ఆవిరి పట్టిందంటే కారణం ఇదే.

మెయిన్ ఆపి, లైట్లను ఒక్కొక్కటే విప్పించి, 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటును ఎంత ఆపుతుందో కొలిచే మీటరు) కేబుల్‌ను ముక్కముక్కగా పరీక్ష చేయించండి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపించిన ముక్కలో తప్పుంది. జాయింట్లన్నీ నేల నుంచి అడుగు ఎత్తున ఐపీ65 డబ్బాలో పెట్టించండి. వైర్లు డబ్బా కింది వైపు నుంచే లోపలికి పోవాలి. డబ్బాలోకి కేబుల్ దూరే చోట బిగించే గ్లాండ్‌లో గుండ్రటి మూడు కోర్ల కేబుల్ పెడితేనే బిగుస్తుంది. విడి వైర్లు మూడు దూరిస్తే మధ్యలో సందు మిగిలి నీళ్లు దిగుతాయి. 1.5 చదరపు మి.మీ. రాగి కేబుల్‌ను 25 మి.మీ. పైపులో అడుగున్నర లోతున వేయండి. మీది నల్లరేగడైతే ప్రతి లైటు దగ్గర అడుగు కేబుల్ వదులుగా చుట్టి ఉంచండి. ఎండాకాలం నేల నెర్రెలిచ్చి కేబుల్‌ను లాగుతుంది.

వాన లేకున్నా స్విచ్ వేయగానే పడిపోతుంటే తేమను అనుమానించకండి. తోట లైట్ల న్యూట్రల్‌ను (కరెంటు తిరిగివచ్చే వైరు) ఇంకో సర్క్యూట్ నుంచి తెచ్చి ఉంటారు, అది చూపించండి.

ప్రశ్న: ప్రహరీకి 12 వోల్టుల స్ట్రిప్ లైటు వేశాం. డ్రైవరు (230 వోల్టులను 12కు దించే పెట్టె) ఇంట్లో, స్ట్రిప్ 20 మీటర్ల దూరంలో ఉంది. వెలుగు మసకగా వస్తుంది.
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: వైరు వోల్టేజీని తినేస్తుంది. మీది 60 వాట్ల స్ట్రిప్ అనుకుంటే, అది 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. 1.5 చదరపు మి.మీ. వైరులో రానుపోను 40 మీటర్లకు 2.4 వోల్టులు పోతాయి. స్ట్రిప్‌కు చేరేది 9.6. అదే 60 వాట్ల 24 వోల్టుల స్ట్రిప్, దానికి తగ్గ డ్రైవరు వేస్తే పోయేది 1.2 మాత్రమే. ఉన్నదాన్నే వాడుకోవాలంటే డ్రైవరును ప్రహరీ దగ్గరికి జరిపి, 230 వోల్టుల కేబుల్‌ను అక్కడిదాకా తీసుకెళ్లండి. 60 వాట్ల స్ట్రిప్‌కు 75 వాట్ల డ్రైవరు ఉండాలి. దాన్ని నీడన పెట్టండి. మే ఎండలో రేకు డబ్బాలో పెడితే ఎక్కువ కాలం నిలవదు.

ప్రశ్న: తొలకరిలో ఉసిళ్లు లైట్లను కమ్మేస్తున్నాయి. మందు కొట్టాలా?
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: అవసరం లేదు. నీలి పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగుకే పురుగులు ఎక్కువగా వస్తాయి. దర్వాజ దగ్గర పసుపు వెలుగు వాడండి. వాన వెలిసిన సాయంత్రం ఇంటి లైట్లు ఆర్పి, గేటు దగ్గర ఒక్క తెల్ల బల్బు వేసి, కింద వెడల్పాటి తొట్టిలో నీళ్లు పెట్టండి. సాధారణంగా ఓ గంటలో వాటి జోరు తగ్గుతుంది.