అసెంబ్లీ లేని రోజుల్లో ఎమ్మెల్యేకి పనేముంటుంది?

అసెంబ్లీ ఏడాదిలో కొద్ది రోజులే జరుగుతుంది కదా, మిగతా రోజుల్లో ఎమ్మెల్యేలు ఏం చేస్తారని అడిగారు. తెలంగాణలో ఒక గ్రామీణ నియోజకవర్గ ఎమ్మెల్యే దగ్గర ఒక టర్మ్ మొత్తం పీఏగా చేశాను. అక్కడ చూసింది చెబుతాను.

తెల్లారేసరికే క్యాంపు ఆఫీసు ముందు జనం ఉంటారు. ఎక్కువమంది చేతుల్లో ఆసుపత్రి కాగితాలే. నిమ్స్‌లో ఆపరేషన్‌కి ఎల్‌వోసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం ఇప్పించాలి, లేదా ప్రైవేటు ఆసుపత్రిలో కట్టిన బిల్లుకి సీఎం రిలీఫ్ ఫండ్ రాయించాలి. తర్వాత పింఛన్లు, ట్రాన్స్‌ఫర్లు, పోలీస్ స్టేషన్ పంచాయితీలు. అవి అయ్యాక పెళ్లిళ్లు, పెద్దకర్మలు. మధ్యలో కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ. పేదింటి ఆడపిల్ల పెళ్లికిచ్చే 1,00,116 రూపాయల ఆ చెక్కు ప్రభుత్వ సొమ్ము. అయినా చెక్కులు సిద్ధంగా ఉండి కూడా సార్ డేటు దొరికేదాకా ఆగిన సందర్భాలున్నాయి. అది నాకు ఏనాడూ నచ్చలేదు.

కాబట్టి ఖాళీగా ఉంటారన్నది నిజం కాదు. నా బాధ వేరే. బిల్లులు చర్చించడం, బడ్జెట్ పద్దులు చూడటం, మంత్రిని ప్రశ్నించడం కదా శాసనసభ్యుడి అసలు పని! బడ్జెట్ పుస్తకాలు తిరగేసే తీరిక మా సార్‌కి కారులోనే దొరికేది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం 174వ అధికరణలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే సభ ఆ కొద్ది రోజులైనా జరిగేది కాదేమో.

ఆ అసలు పనికి ఎంత బలముందో ఒక వంతెన విషయంలో చూశాను. వాగు మీద పిల్లర్లు లేచి పని ఆగిపోయింది. లెటర్లు ఎన్ని రాసినా కదల్లేదు. చివరికి నక్షత్ర గుర్తు ప్రశ్న వేశాం. అలాంటి ప్రశ్నకి మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వస్తాయి. అందుకని శాఖ కిందిదాకా ఫైలు వెతుక్కుంటుంది. ప్రశ్న జాబితాలోకి రాగానే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఆఫీసు వాళ్లే మాకు ఫోన్ చేసి వివరాలు అడిగారు. సభలో మా వంతు రాకుండానే ప్రశ్నోత్తరాల సమయం అయిపోయింది, రాతపూర్వక జవాబు మాత్రమే వచ్చింది. అయినా కాంట్రాక్టర్‌కి రావాల్సిన పెండింగ్ బిల్లు కదిలి పని మళ్లీ మొదలైంది.

తర్వాతి ఎన్నికల ప్రచారంలో ఆ ప్రశ్న గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "మా నాన్న పోతే రాలేదు" అని మాత్రం చాలామంది మొహం మీదే అన్నారు. ఆయన ఓడిపోయారు.

ఆసుపత్రి దరఖాస్తులకి ఎమ్మెల్యే లెటర్‌తో పని లేకుండా కలెక్టరేట్‌లోనే నేరుగా తీసుకుంటే వీళ్ల ఉదయాలు మిగులుతాయని నా గట్టి అభిప్రాయం. అదే మాట సార్‌తో అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఆ కాగితాలు పట్టుకుని జనం రాకపోతే, మన పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) డాక్టర్ ఉండట్లేదని నాకెవరు చెబుతారయ్యా?" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.