జువైనల్ హోంలో ఉన్న బాబును వీడియోలో డాక్టరుకు చూపించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. దొంగతనం కేసులో రెండు నెలలుగా జువైనల్ హోంలో ఉన్నాడు. అంతకుముందే సైకియాట్రిస్టు రాసిన మందులు వాడేవాడు. ఇప్పుడు నిద్రపోవడం లేదు, అన్నం ముట్టడం లేదట. హోంలో సైకియాట్రిస్టు లేరు. మాత్రలు తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. పాత డాక్టరుగారు వీడియోలో చూస్తానంటున్నారు. అడిగే హక్కు నాకుందా?

జవాబు: ఉందమ్మా. హోంలోని పిల్లలకు మానసిక వైద్యం, కౌన్సెలింగ్ అందించాలని 2015 జువైనల్ జస్టిస్ చట్టం 53వ సెక్షనే చెబుతోంది. డాక్టరు లేరంటే ఆ బాధ్యత తీరిపోదు. వీడియో వైద్యానికి 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల అనుమతి ఉంది. ఆ డాక్టరుగారు గత ఆరు నెలల్లో బాబును నేరుగా చూసి ఉంటే పని ఇంకా తేలిక.

మాత్రలు ఆపడాన్ని మాత్రం తప్పుపట్టలేం. హోంలో మానసిక సమస్యల మందులు నిపుణుల పరీక్ష తర్వాతే, అదీ వైద్య సిబ్బంది చేతుల మీదుగానే ఇవ్వాలి. కాబట్టి మాత్రలు కాదు, పాత చీటీల జిరాక్సులు ఇవ్వండి.

సూపరింటెండెంటును నోటిమాటగా బతిమాలొద్దు. కేసు విచారిస్తున్న జువైనల్ జస్టిస్ బోర్డులోనే పిటిషన్ వేయించండి. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నిర్బంధంలో ఉన్న పిల్లాడికి ఆదాయంతో పని లేదు.

పిటిషన్‌లో ఒక్క సంగతి తప్పక రాయించండి. మైనరును వీడియోలో చూసేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఒకరుండాలి. ఎవరో చెప్పకపోతే ఆ కుర్చీలో గార్డు కూర్చుంటాడు. గార్డు ముందు ఏ పిల్లాడు నోరు విప్పుతాడు? మీరుగానీ, హోం కౌన్సెలర్‌గానీ ఉండేలా ఆర్డరు అడగండి. డాక్టరుతో చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది, దాన్నీ చూపించండి.

తనకు తాను హాని చేసుకునేలా ఉంటే వీడియో కోసం ఆగొద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లమని సూపరింటెండెంటుకు ఆ రోజే రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

అన్నట్టు, దొంగతనం కేసులో రెండు నెలలు లోపలెందుకున్నాడు? జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు బెయిలివ్వడమే రివాజు. కాదంటే బోర్డు కారణాలు రాయాలి. బెయిల్ పిటిషన్ వేశారో లేదో ముందు కనుక్కోండి.