కాపీ కొడితే 412 ఫోటోలు ఒక్క ఫైల్ అయిపోయాయి, ఇప్పుడెలా?

ప్రశ్న: నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నానండి. అక్క పెళ్లి ఫోటోలు 412 కెమెరా కార్డులో ఉన్నాయి, కోఠిలో ఆల్బమ్‌కి ఇద్దామని కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి వేశాను. పేర్లన్నీ గబగబా స్క్రీన్ మీద వెళ్లాయి, తీరా చూస్తే పెన్‌డ్రైవ్‌లో ‘పెళ్లి’ అని ఒకే ఒక్క ఫైల్ ఉంది, 1 ఎంబీ కూడా లేదు, ఓపెన్ అవ్వట్లేదు. ఫోటోలు పోయినట్టేనా? అన్నీ ఒకేసారి ఎలా కాపీ చెయ్యాలి?

జవాబు: ముందు కంగారు పడకండి, ఫోటోలు ఎక్కడికీ పోలేదు. కాపీ కమాండ్ ఒరిజినల్స్‌ని ముట్టుకోదు, అన్నీ కార్డులోనే ఉంటాయి. డేటా రికవరీ అంటూ పార్క్‌లేన్ షాపుల చుట్టూ తిరిగి డబ్బులు పెట్టకండి. పని పూర్తయ్యేదాకా మాత్రం కార్డుని ఫార్మాట్ చెయ్యొద్దు, కెమెరాలో పెట్టి కొత్త ఫోటోలూ తియ్యొద్దు.

జరిగిందేంటంటే, మీరు స్టార్ డాట్ జేపీజీ (*.jpg, అంటే జేపీజీ ఫోటోలన్నీ) అని కొట్టి చివర్లో పెన్‌డ్రైవ్‌లో ‘పెళ్లి’ అని ఇచ్చి ఉంటారు, కానీ ఆ పేరుతో ఫోల్డర్ అక్కడ అప్పటికి లేదు. విండోస్‌లో కాపీ కమాండ్ ఫోల్డర్ తయారు చెయ్యదు, ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే ఇవన్నీ కలిపి ‘పెళ్లి’ అనే ఒక్క ఫైల్ చెయ్యమంటున్నారు అనుకుంటుంది. పైగా అలా కలిపేటప్పుడు అన్నీ టెక్స్ట్ ఫైల్సే అనుకుంటుంది. విండోస్‌కి ముందున్న పాత డాస్ రోజుల్లో టెక్స్ట్ అయిపోయింది అని చెప్పడానికి కంట్రోల్ జెడ్ అనే గుర్తు ఉండేది, దాని విలువ 26, ఫోటో ఫైల్‌లో ఆ బైట్ ఎక్కడో ఒకచోట తగలక మానదు, తగిలిన చోటే ఆ ఫోటోని ఆపేసి తర్వాతి దానికి వెళ్లిపోతుంది. అందుకే 412 ఫోటోల మొదటి ముక్కలు మాత్రమే చేరి 1 ఎంబీ కూడా కాలేదు. స్క్రీన్ మీద పేర్లు ఎన్ని వెళ్లినా చివరి లైన్ చూడాలండి, అక్కడ 1 ఫైల్ కాపీ అయింది అనే చూపించి ఉంటుంది.

ఆ ‘పెళ్లి’ ఫైల్‌ని ముందు డిలీట్ చెయ్యండి, అది ఉండగా అదే పేరుతో ఫోల్డర్ రాదు.

ఇంతింత ఫోటోలకి నేనైతే కాపీ జోలికి పోను, రోబోకాపీ అనే ఇంకో కమాండ్ వాడమంటాను. విండోస్ విస్టా వెర్షన్ నుంచి విండోస్‌లోనే వస్తోంది, విడిగా ఏమీ ఎక్కించక్కర్లేదు. వరస ఇదీ: రోబోకాపీ, స్పేస్, కార్డులో ఫోటోలున్న ఫోల్డర్, స్పేస్, పెన్‌డ్రైవ్‌లో చేరాల్సిన ఫోల్డర్, స్పేస్, స్టార్ డాట్ జేపీజీ, స్పేస్, చివర్లో స్లాష్ ఎస్ (/s). ఫోల్డర్ లేకపోతే అదే చేసుకుంటుంది, స్లాష్ ఎస్ వల్ల లోపలి ఫోల్డర్లలో ఉన్నవీ వస్తాయి, మధ్యలో పెన్‌డ్రైవ్ ఊడిపోయినా మళ్లీ అదే లైన్ కొడితే మిగిలినవి మాత్రమే ఎక్కిస్తుంది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే కోట్స్‌లో పెట్టండి. మొదటిసారి భయంగా ఉంటే స్లాష్ ఎల్ కూడా తగిలించండి, ఏమేం కాపీ అవుతాయో లిస్ట్ చూపిస్తుంది అంతే. స్లాష్ ఎమ్ఐఆర్ మాత్రం దయచేసి వాడకండి, కార్డులో లేనివి పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఏమున్నా చెరిపేస్తుంది.

క్లాసులో లైనక్స్ కూడా చెప్తుంటే అక్కడ కాపీకి సీపీ (cp) అని కొట్టి ఫైల్ పేర్లన్నీ వరసగా, లేదా వాటి బదులు స్టార్ ఇచ్చి ఆఖర్న ఫోల్డర్ పేరు ఇవ్వాలి. ఆ ఆఖరిది మర్చిపోయారనుకోండి, స్టార్‌కి సరిగ్గా రెండే ఫైల్స్ దొరికితే మొదటిది రెండో దాని మీద పడిపోతుంది, అడగదు కూడా, రెండోది పోయినట్టే. సీపీ పక్కన మైనస్ ఐ (-i) పెట్టుకుంటే ముందు అడుగుతుంది.

రోబోకాపీ అయ్యాక కింద చిన్న పట్టిక వస్తుంది, అందులో ఫైల్స్ వరసలో టోటల్ 412, ఫెయిల్డ్ 0 ఉందో లేదో చూసి, నాలుగైదు ఫోటోలు పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి చూసి, అప్పుడు కోఠికి బయల్దేరండి.