ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: పాత సీడీతో ఆడాలా, డెఫినిటివ్ ఎడిషన్ కొనాలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 గోల్డ్ ఎడిషన్ పాత సీడీ ఇంట్లో ఉంది. హాస్టల్ రోజుల్లో ఆడిన ఆటను స్నేహితులతో కలిసి శనివారం రాత్రుళ్ళు మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది గానీ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. చేతిలో ఉన్న ఆటను మళ్ళీ డబ్బు పెట్టి కొనడం దండగేమో అని మీ అనుమానం.

పాత సీడీ ఆట, దాన్నే మెరుగుపరిచి తెచ్చిన డెఫినిటివ్ ఎడిషన్, నేను రెండూ చాలా ఏళ్ళు ఆడాను. డెఫినిటివ్ కొనండి. అయితే బొమ్మలు బాగున్నాయని కొనొద్దు. ఈ ప్రశ్నకు జవాబిచ్చేవాళ్ళలో చాలామంది రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. అసలు తేడా అక్కడ లేదు, ఆడే చేతిలో ఉంది.

పొలాల సంగతే తీసుకోండి. 1999లో ఈ ఆట మొదటి రూపం ఏజ్ ఆఫ్ కింగ్స్ వచ్చినప్పుడు ఫార్మ్ పంట అయిపోతే విలేజర్ (ఊళ్ళో పనులు చేసే మనిషి) అక్కడే నిలబడిపోయేవాడు. మనం యుద్ధం వదిలేసి ఊళ్ళోకి వచ్చి మళ్ళీ విత్తనం వేయించాలి. 2000లో దాని అదనపు ప్యాక్ కాంకరర్స్ వచ్చాక మిల్లు దగ్గర ముందుగానే కలప కట్టి కొన్ని పొలాలు వరుసలో పెట్టుకునే వీలు వచ్చింది. అదీ అయిపోయిందంటే మళ్ళీ మొదటికే. డెఫినిటివ్‌లో ఒక బటన్ నొక్కితే చాలు, కలప ఉన్నంతకాలం పొలాలు వాటంతటవే మళ్ళీ మొలుస్తాయి.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఒకే విలేజర్‌కి వరసగా పనులు చెప్పొచ్చు: ఈ ఇల్లు కట్టు, తర్వాత ఆ ఇల్లు కట్టు, ఆ తర్వాత వెళ్ళి చెట్లు కొట్టు. ఏ భవనంలో ఎవరు తయారవుతున్నారో స్క్రీన్ పైన ఒకేచోట కనిపిస్తుంది. ఆట మొదట్లో స్కౌట్‌ని (చుట్టుపక్కల చూసి వచ్చే సైనికుణ్ణి) తనంతట తానే మ్యాప్ తిరిగి రమ్మని పంపొచ్చు. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న సౌకర్యాలే. కానీ ఒక గంట ఆట ఆడాక మీకే తెలుస్తుంది: ఇదివరకు ఊళ్ళో గొడ్డుచాకిరీకి పోయిన ఏకాగ్రతంతా ఇప్పుడు ఎప్పుడు దాడి చేయాలి, ఏ కొండ మీద కోట కట్టాలి అన్న ఆలోచనకు మిగులుతుంది. మా గ్యాంగ్‌లో మౌస్ వేగం లేక ఎప్పుడూ ఓడిపోయే మిత్రుడొకడు డెఫినిటివ్‌కి మారాక నిజంగా గెలవడం మొదలుపెట్టాడు. ఎందుకంటే వాడికి మొదటినుంచీ వ్యూహం బాగా తెలుసు, చేతివేగమే తక్కువ.

ఈ చాకిరీ కూడా నైపుణ్యమే, దాన్ని తీసేస్తే ఆట పలచబడుతుందని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళంటే నాకు గౌరవమే. కానీ పొలం దున్నించడం మర్చిపోయినందుకు ఓడిపోవడంలో నాకు ఏ అందమూ కనిపించలేదు.

కంప్యూటర్‌తో ఒంటరిగా ఆడేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ. పాత ఆటలో అన్నిటికంటే కష్టమైన హార్డెస్ట్ స్థాయి పెడితే కంప్యూటర్‌కి ఉచితంగా అదనపు సరుకు అందేది. అందుకే దాన్ని ఓడించడం అంటే అది తెలివితక్కువగా పంపే సైన్యాన్ని గోడ వెనక నుంచి చంపుతూ కూర్చోవడమే. కొత్త ఏఐ (కంప్యూటర్ తరఫున ఆడే ప్రోగ్రామ్) మోసం చేయదు, మనలాగే విలేజర్లతో సంపాదించుకుని ఆడుతుంది. పారిపోవాల్సినప్పుడు పారిపోతుంది కూడా. పాతదాని మీద మమకారం ఉంటే ఆట మొదలుపెట్టే ముందు సీడీ కాలం నాటి ఏఐని ఎంచుకునే వీలు కూడా పెట్టారు. మొదటి వారం మీరు ఆర్ట్ ఆఫ్ వార్ అనే శిక్షణ మ్యాప్‌లు ఆడండి. ఆటలో మూడో యుగమైన కాజిల్ ఏజ్‌కి త్వరగా ఎలా చేరాలి, మొదటి నిమిషాల్లో ఎవరిని ఏ పనికి పెట్టాలి అని అవి నేర్పినంత శుభ్రంగా ఆ రోజుల్లో మాకు ఎవరూ నేర్పలేదు.

పాతదానిలో నాకు ఇప్పటికీ ఇష్టమైనవి రెండున్నాయి. ఒకటి క్యాంపెయిన్ల (చరిత్ర కథగా వరసగా సాగే ఆటల) కథ చెప్పే గొంతులు. జోన్ ఆఫ్ ఆర్క్, బార్బరోసా కథలు ఆ పాత గొంతులతో, ఆ విచిత్రమైన యాసలతో మనసులో నాటుకుపోయాయి. డెఫినిటివ్‌లో వాటిని మళ్ళీ కొత్తగా రికార్డు చేశారు. కొత్తవి చెడ్డవని అనను, కానీ పాతవి విన్నవాళ్ళకు అవి పరాయి మనుషులు చెబుతున్నట్టే ఉంటాయి. రెండోది, పాత బొమ్మల స్పష్టత. చిన్న స్క్రీన్‌లో, 256 రంగుల్లో గీసినా ఎవడు బల్లెం పట్టుకున్నాడో, ఎవడు విల్లు పట్టుకున్నాడో ఒక్క చూపులో తెలిసేది. కొత్తదాంట్లో చెట్లు ఎత్తుగా ఉండి వెనక ఉన్న మనుషుల్ని దాచేస్తాయి. దీనికి స్మాల్ ట్రీస్ అనే మాడ్ (ఆటగాళ్ళు తయారుచేసిన చిన్న మార్పు) ఆటలోంచే ఉచితంగా వేసుకోవచ్చు. నేను మొదటిరోజే వేసుకున్నాను.

డెఫినిటివ్‌కి ఉన్న లోపాలు కూడా చెప్పాలి. 30 జీబీకి పైగా జాగా తింటుంది. కొన్ని అప్‌డేట్ల తర్వాత సైనికులు దారి తప్పి ఒకరినొకరు తోసుకోవడం ఎక్కువైందని ఆటగాళ్ళు గట్టిగానే గొడవ చేశారు, అందులో నిజం ఉంది. మీ ల్యాప్‌టాప్ విషయానికొస్తే, కనీస అవసరం 4 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 10. ఇంటెల్ హెచ్‌డీ 4000 స్థాయి గ్రాఫిక్స్ అయినా నడుస్తుంది. అల్ట్రా హెచ్‌డీ గ్రాఫిక్స్ ప్యాక్ విడిగా ఉచితంగా ఇస్తారు, మీరు దాని జోలికి వెళ్ళకండి. మెనూలో ఉన్న బెంచ్‌మార్క్ (మెషీన్ వేగాన్ని కొలిచే పరీక్ష) ఒకసారి నడిపి చూడండి. స్కోరు మరీ తక్కువొస్తే ఎనిమిది మందితో పెద్ద మ్యాప్‌లు పెట్టుకోవద్దు, ఎందుకంటే ఒక్కరి మెషీన్ నెమ్మదిస్తే మిగతా అందరి ఆటా నెమ్మదిస్తుంది.

పాత సీడీని కొత్త విండోస్‌లో నడపడం తేలిక కాదు. విండోస్ 7 కాలం నుంచే నీళ్ళు, గడ్డి రంగులు ఊదాగా, ఎర్రగా మారిపోయే తలనొప్పి ఉండేది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపేసి ఆడేవాళ్ళం. ఇంట్లో మూలపడ్డ పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఏదైనా ఉంటే సీడీకి అదే సరైన చోటు, అక్కడ హాయిగా నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ మీద దానికోసం తిప్పలు పడొద్దు.

2013లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌ని ఎవరైనా చవగ్గా వస్తుందని చెబితే తీసుకోవద్దు. దానికోసం తెచ్చిన ఫర్‌గాటెన్, ఆఫ్రికన్ కింగ్‌డమ్స్, రైజ్ ఆఫ్ ద రాజాస్ నాగరికతలన్నీ డెఫినిటివ్ మూల ఆటలోనే కలిసి వచ్చాయి. పాతదాంట్లో 13, కాంకరర్స్‌తో 18 ఉన్న నాగరికతలు 2019 నవంబరులో డెఫినిటివ్ విడుదలైనప్పటికే 35 అయ్యాయి.

విడిగా కొనాల్సిన ప్యాక్‌లలో ఒక్కటి మాత్రం వదలొద్దని చెబుతాను: 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా. అంతకుముందు మనందరినీ ఇండియన్స్ అని ఒకే గంపలో వేసేశారు. ఈ ప్యాక్‌తో హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు అని విడిపోయింది. ద్రావిడులకు వూట్జ్ స్టీల్ అనే ప్రత్యేక సాంకేతికత ఉంది. అది సాధిస్తే మన పదాతిదళం, గుర్రపు దళం దెబ్బలకు ఎదుటివాడి కవచం అడ్డురాదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు తయారైన ఉక్కు అదే, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆటలో ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది. రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ కూడా ఇందులోనే ఉంది. ఆయన కూతురు అమ్మంగదేవే మన రాజరాజ నరేంద్రుడి రాణి, కాబట్టి కథ మనకు మరీ దూరం కాదు. కాకతీయులకు ఈ ప్యాక్‌లో క్యాంపెయిన్ లేకపోవడం నాకు పెద్ద వెలితి. ఆటలోనే సొంత మ్యాప్‌లు తయారుచేసుకునే సినారియో ఎడిటర్‌లో ఓరుగల్లును, రాతికోటను, దాని చుట్టూ మట్టికోటను నేనే కట్టుకుని ఆడుకుంటున్నాను.

ఇక స్నేహితుల విషయం. ఏ ఎడిషన్ అన్నది మీరొక్కరే తేల్చుకునేది కాదు, ఎందుకంటే సీడీ ఆట, హెచ్‌డీ, డెఫినిటివ్ ఒకదానితో ఒకటి కలవవు. అందరి దగ్గరా ఒకటే ఉండాలి. ఒకప్పుడు ఒకే గదిలో ల్యాన్ కేబుళ్ళతో ఆడిన మేము ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌లలో ఉన్నాం. ఆ ఆటను తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడేదాకా ఉన్నది కూడా డల్లాస్‌లోనే. పాస్‌వర్డ్ పెట్టిన లాబీలో (ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే ఆన్‌లైన్ గదిలో) కలుస్తాం, మధ్యలో ఎవరింట్లోనైనా కరెంటు పోతే సేవ్ చేసిన ఆటను మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటాం. చాట్‌లో 11 కొడితే వచ్చే నవ్వు, 14 కొడితే వచ్చే 'ఇక ఆట మొదలుపెట్టు' అనే అరుపు, 30 కొడితే వొలొలో అనే కేక, అన్నీ అలాగే ఉన్నాయి.

మీ గ్రూపులో ఎవరికైనా పీసీ గేమ్ పాస్ (చందా కట్టి ఆటలు ఆడుకునే మైక్రోసాఫ్ట్ సేవ) ఉంటే అందులోనే డెఫినిటివ్ వస్తుంది, వాళ్ళు విడిగా కొనక్కర్లేదు. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్నవాళ్ళతో కలిసి ఆడొచ్చు. మిగతావాళ్ళు స్టీమ్ సేల్ దాకా ఆగండి, తరచుగానే తగ్గిస్తుంటారు. ముందు మూల ఆట ఒక్కటే తీసుకుని రెండు మూడు శనివారాలు ఆడి చూడండి, ప్యాక్‌ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. పాత కాలంలో జనాభా పరిమితి మామూలుగా 75 ఉండేది, ఇప్పుడు 200 ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ కాస్త మందగిస్తే మొదట 100కి తగ్గించుకుని ఆడండి.