టెక్ సందేహాలు: తాళి కట్టేశాక వినిపిస్తున్న గట్టిమేళం

ప్రశ్న: 1996లో జరిగిన మా పెళ్లి క్యాసెట్‌ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. పాత వీసీఆర్, దాని బొమ్మని కంప్యూటర్‌కి అందించే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్, రికార్డ్ చేసే వర్చువల్‌డబ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఫైల్ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో సేవ్ అవుతోంది. గంట దాటేసరికి 300 ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) డ్రాప్ అయినట్టు, అంటే రికార్డవకుండా పోయినట్టు చూపిస్తోంది. మొదట్లో బాగానే ఉన్న సౌండ్ పోనుపోను వెనకబడుతోంది. మావారు తాళి కట్టేసి కూర్చున్నాక గట్టిమేళం వినిపిస్తోంది! కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు లెక్క చూద్దాం. మన దేశంలో వాడే పాల్ (PAL) పద్ధతి వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. 300 పోయాయంటే 12 సెకన్ల బొమ్మ పోయింది. సౌండ్ మాత్రం పూర్తిగా రికార్డవుతోంది. అందుకే బొమ్మ ముందుకెళ్లి, మేళం వెనకబడింది. ఎడిటింగ్‌లో సౌండ్ జరిపి సరిచేద్దామంటే ఒకచోట కుదిరింది ఇంకోచోట తప్పుతుంది. ఫ్రేములు అంతటా ఒకే లెక్కన పోవు కదా. క్యాప్చర్ దగ్గరే పట్టుకోవాలి.

తప్పు టేపుదా, కంప్యూటర్‌దా? ఇది తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు. క్యాసెట్‌లో ఓ పది నిమిషాల భాగాన్ని మూడుసార్లు క్యాప్చర్ చేయండి. డ్రాప్ కౌంటర్ పెరిగినప్పుడల్లా టైమ్ కాగితం మీద రాసుకోండి. మూడుసార్లూ అదే చోట పోతే గొడవ టేపులోనో వీసీఆర్‌లోనో ఉంది. ఒక్కోసారి ఒక్కోచోట పోతే కంప్యూటర్ వైపు చూడాలి. ఇంకా అనుమానం ఉంటే ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయర్‌ని అదే స్టిక్‌కి తగిలించి అరగంట రికార్డ్ చేయండి. డ్రాప్స్ సున్నా వస్తే మీ ల్యాప్‌టాప్ నిక్షేపంగా ఉన్నట్టే.

కంప్యూటర్ వైపు తేలితే పని తేలిక. స్టిక్, హార్డ్‌డిస్క్ రెండూ ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెట్టారేమో చూడండి. నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. కంప్రెస్ చేయని వీడియో సెకనుకు దాదాపు 20 ఎంబీ వస్తుంది, గంటకు 75 జీబీ. ఆ దారిలోనే డిస్క్‌కి రాయడం కూడా జరిగితే ఇరుకైపోతుంది. స్టిక్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫైల్‌ని లోపలి డిస్క్‌లోనే సేవ్ చేయండి. హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ కోడెక్ (నాణ్యత తగ్గకుండా ఫైల్‌ని కుదించేది) పెడితే గంటకు సుమారు 30 జీబీతో సరిపోతుంది. ఎంపీ4గా మార్చడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. చార్జర్ పెట్టే ఉంచండి, పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయండి, వైఫై కట్టేయండి.

మీ విషయంలో మాత్రం నాకు టేపు మీదే అనుమానం ఎక్కువ. వీసీఆర్‌లో హెడ్ డ్రమ్ (టేపును చదివే హెడ్లు ఉన్న గుండ్రటి భాగం) నిమిషానికి 1500 సార్లు తిరగాలి, ఒక్కో చుట్టుకి ఒక్కో ఫ్రేమ్. ఫ్రేమ్ అడ్డగీతలుగా వస్తుంది, ఒక్కో గీత 64 మైక్రోసెకన్లలో రావాలి. ముప్పై ఏళ్ల టేపు సాగి ఉంటుంది, ఆ గీతలు కాస్త ముందూ వెనకా అవుతాయి. పాత డబ్బా టీవీ సర్దుకునేది. క్యాప్చర్ స్టిక్ సర్దుకోదు, లయ తప్పిన ఫ్రేమ్‌ని వదిలేస్తుంది.

కాబట్టి క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. అంటుకున్న చుట్లు వదులవుతాయి. హెడ్ శుభ్రం చేయించండి. మీరే చేసుకుంటే ప్లగ్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ తోలును (తుడవడానికి వాడే మెత్తటి తోలు) డ్రమ్‌కి ఆనించి పట్టుకుని, డ్రమ్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. తోలును పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది, దూది అసలే వద్దు. తర్వాత వీసీఆర్‌లో ట్రాకింగ్ (హెడ్ టేపు మీద సరైన చోట చదివేలా కుదిర్చే సర్దుబాటు) సరిచేయండి.

అప్పటికీ పోతుంటే, వీసీఆర్‌కీ స్టిక్‌కీ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (గీతల లయని సరిచేసే పరికరం) కావాలి. అది ఖరీదు. బదులుగా ఏవీ ఇన్‌పుట్ (బయటి నుంచి బొమ్మ, సౌండ్ తీసుకునే సాకెట్) ఉన్న పాత డీవీడీ రికార్డర్ (ప్లేయర్ కాదు) దొరికితే, సిగ్నల్‌ని దాని గుండా పంపండి. కొన్ని మోడళ్లు లయని బాగా కుదురుస్తాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకండి, ఆన్ చేసి చూపిస్తేనే కొనండి. కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ఇంకో మాట. ఆ రోజుల్లో పెళ్లి క్యాసెట్లు రెండు మూడు కాపీలు తీయించేవారు. మీ అత్తగారింట్లో ఒకటి ఉండే ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ వేసి చూపించి అరిగిపోయిన కాపీ కన్నా, బీరువాలో ఉండిపోయిన ఆ కాపీ మెరుగ్గా ఉండొచ్చు. ముందు దాన్ని అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: అమెరికా నుంచి అన్నయ్య అప్పట్లో పంపిన క్యాసెట్ బ్లాక్ అండ్ వైట్‌లో, దొర్లుతూ కనిపిస్తోంది. పాడైపోయిందా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పాడై ఉండకపోవచ్చు. అది అమెరికాలో వాడే ఎన్‌టీఎస్‌సీ పద్ధతి క్యాసెట్, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. వీసీఆర్ రెండు పద్ధతులూ ప్లే చేసేదై ఉండాలి. క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో కూడా పాల్ తీసేసి ఎన్‌టీఎస్‌సీ పెట్టండి.

ప్రశ్న: అటక మీద దొరికిన క్యాసెట్‌లో టేపు అంచున తెల్లటి పొడి ఉంది. వేసి చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: వేయకండి. అది బూజు. వీసీఆర్ హెడ్‌కి అంటి, తర్వాత వేసే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. టేపు శుభ్రం చేసేవాళ్లకి ఇచ్చి తుడిపించండి. అప్పటిదాకా విడిగా, తడి తగలని చోట, నిలువుగా నిలబెట్టి ఉంచండి.