పక్కకు తప్పుకునే ఆ క్షణం

చిట్టితల్లికి,

మామయ్య ఆశీస్సులు. బెల్జియం సైకిల్ రేసు జట్టులో చోటు దొరికిందనీ, చివర్లో దూసుకెళ్లి గెలవాల్సిన స్ప్రింటర్‌కు ముందుండి గాలి కాస్తూ లాగే ఆఖరి లీడ్‌అవుట్ పని నీకే ఇచ్చారనీ మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు నోట మాట రాలేదు. మన ఇంటి పిల్ల అంతదూరం వెళ్లి రేసు తొక్కుతుందంటే ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి మాత్రం కంటి మీద కునుకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. ఆఖరి ఐదు కిలోమీటర్లు ముందే ఒకసారి తొక్కి చూసుకో. మలుపులు లెక్కపెట్టుకో. ఆకలి వేయకముందే తిను.

రైలు కట్టడం, అంటే జట్టంతా ఒకరి వెనక ఒకరు బారుగా తొక్కడం, నీకు కొత్త కాదు. ముందున్న మనిషి గాలిని చీలుస్తుంటే, జానెడు దూరంలో వెనక ఉన్నవాళ్లకు శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఆఖరి 200 మీటర్ల వరకూ మీ స్ప్రింటర్ ముఖానికి గాలి తగలకుండా చూడడమే నీ ఉద్యోగం. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త దూరం లాగు, వెనకగాలి ఉంటే కాస్త ముందే వదులు. నీ వంతు రాగానే ఎగిరి దూకవద్దు. తేరు తాడు పట్టినవాళ్లు ఒక్కసారిగా గుంజుతారా? నువ్వు కుదుపు ఇస్తే వెనక జానెడు ఎడం బారెడు అవుతుంది, దాన్ని పూడ్చడానికే ఆ అమ్మాయి శక్తి అంతా ఖర్చయిపోతుంది.

ఆఖరి లీడ్‌అవుట్ అంటే చిన్న పని అని ఎవరైనా అంటే పట్టించుకోకు. 2022లో స్ప్రింటర్ లొరెనా వీబస్ కోసం లాగిన షార్లట్ కూల్, ఆడవాళ్ల పెద్ద రేసు అయిన 2024 టూర్ ద ఫ్రాన్స్ ఫెమ్‌లో మొదటి రోజే హేగ్‌లో గెలిచి, అందరికన్నా ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ వేసుకుంది, మర్నాడు రాటర్‌డామ్‌లోనూ గెలిచింది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. ముగింపు గీత దగ్గర రోడ్డుకు రెండు వైపులా సరుగుడు కర్రలు పాతి, కొబ్బరి తాళ్లు కట్టారు. తాళ్ల వెనక జనం. ఆరోజు నేను లాగినట్టు జీవితంలో మళ్లీ ఎప్పుడూ లాగలేదు. నా వెనక నా జతగాడు. మూడేళ్లుగా ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకే పళ్లెంలో తినేవాళ్లం. సున్నం వేసిన కిలోమీటరు రాయి దాటగానే నా పని అయిపోయింది. కాళ్లు మండిపోతున్నాయి, ఊపిరి అందడం లేదు. తొక్కడం ఆపేశాను. ఆపి, ఎడమకు జరిగాను. అటు వస్తానని నేను ముందుగా చెప్పలేదు, అటు ఎవరున్నారో చూడనూ లేదు. నా కుడివైపు దారి మూసుకుపోవడంతో, వాడు అప్పటికే ఎడమవైపు నుంచి పైకి వస్తున్నాడు.

నా వెనక చక్రానికి వాడి ముందు చక్రం రాసుకున్న చప్పుడు గోనెసంచి చింపినట్టు వినిపించింది. తర్వాత కర్ర విరిగింది. వెనక్కి తిరిగేసరికి వాడు తాళ్లలో చిక్కుకుని ఉన్నాడు, ఒక బూటు ఇంకా పెడల్‌కే ఉంది. కాలర్ బోన్ రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రిలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆరు నెలలకు మళ్లీ రేసుకు వచ్చాడు, కానీ నా చక్రం వెనకకు మాత్రం రాలేదు.

ఇప్పుడు వేగాలు ఇంకా ఎక్కువ. 2020లో పోలండ్‌లోని కటోవిసెలో గ్రూనెవేగన్ అనే స్ప్రింటర్ తన దారి వదిలి పక్కకు రావడంతో ఫాబియో యాకోబ్సన్ బారికేడ్లలోకి పడ్డాడు. ఆ కుర్రాణ్ని కోమాలో ఉంచి బతికించుకోవాల్సి వచ్చింది. 2022లో అతను టూర్ ద ఫ్రాన్స్‌లో ఒక స్టేజి, అంటే ఒక రోజు రేసు, గెలిచిన రోజు టీవీ ముందు కూర్చుని ఏడ్చాను.

కాబట్టి విను. ఎటు తప్పుకుంటావో రేసుకు ముందే మీ స్ప్రింటర్‌తో మాట్లాడి ఖాయం చేసుకో. తప్పుకున్నాక కూడా పెడల్ ఆపకు, సూటిగా తొక్కుతూనే మెల్లగా వెనకబడు. నీ వెనకవాళ్లు గంటకు అరవై కిలోమీటర్లతో వస్తుంటారు, నువ్వు ఒక్కసారిగా మందగిస్తే వాళ్లకు గోడ అవుతావు. మీ అమ్మాయి గెలిచిందో లేదో చూడాలని మధ్యలో తల ఎత్తకు, చేతులూ ఎత్తకు. మొన్న పంపిన వీడియోలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశావు. ఎన్నిసార్లు చెప్పాలి? చెవితో విను, చంక కింద నుంచి చూడు, మెడ తిప్పకు. ఈ మాట కోపంగా రాశానని బాధపడకు తల్లీ. ఆ వీడియో నేను పదిసార్లు చూశాను, ప్రతిసారీ అక్కడికి రాగానే నా చేయి కుర్చీని పట్టుకుంటోంది.

మీ మేనేజర్ చెప్పేదానికీ నా మాటకూ తేడా వస్తే ఆమె మాటే విను. ఆ రోడ్లు ఆమెకు తెలుసు.

అమ్మమ్మ సున్నుండలు చేసింది. రెండు డబ్బాలు పంపుతున్నాను. ఒకటి నీకు. రెండోది నీ వెనక తొక్కే అమ్మాయికి నీ చేతులతో ఇవ్వు. రేసు కాగానే ఫోను చెయ్యి. ఎన్నో స్థానమో తర్వాత చెబుదువుగాని, ముందు మీ ఇద్దరికీ ఎలా ఉందో చెప్పు.

మీ మామయ్య