నవల రాయడానికి ఎలాంటి చోటు కావాలి? బల్ల మీద పెట్టుకునే పాత వస్తువులు నిజంగా రాయిస్తాయా?

మీరు రెండు సంగతులు అడిగారు. నల్లగొండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ నవల మొదలుపెట్టాలంటే ఎలాంటి చోటు చూసుకోవాలి అన్నది ఒకటి. రచయితల గదుల ఫొటోల్లో బల్ల నిండా పాత వస్తువులు కనిపిస్తాయి కదా, వాటివల్ల నిజంగా రాత సాగుతుందా, మీ దగ్గర అమ్మమ్మ గింజలు కొలవడానికి వాడిన ఇత్తడి మానిక ఒక్కటే ఉంది, అది చాలా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే.

నేను కొల్లాపూర్‌లో ఉంటాను. నా రాతబల్ల మా ఇంటామె కుట్టుమిషన్. మిషన్‌ను లోపలికి వంచి పైన మూత వేస్తే లాంగ్ నోట్‌బుక్ పట్టేంత చెక్క దొరుకుతుంది. బెల్టు తప్పించి పెడితే కింద పెడల్ ఊరికే ఆడుతుంది. వాక్యం కుదరనప్పుడల్లా నా కాలు దాన్ని తొక్కుతూనే ఉంటుంది. పొద్దున ఆమె పని మొదలయ్యేలోపు నా పని అయిపోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్లు కుప్ప పడితే ఆ కాస్త చోటూ ఉండదు. అప్పుడు వంటింటి గడప దగ్గర బండల మీద చతికిలబడి, పిల్లల పరీక్ష ప్యాడ్ ఒళ్లో పెట్టుకుంటాను. పాలమూరు ఎండల్లో అదే నయం. మిషన్‌ను కిటికీ వైపు కాకుండా గోడ వైపు తిప్పుకున్నాను, ఎందుకంటే కిటికీ ముందునుంచి పోయే ప్రతివాళ్లూ ఆగి "ఏం సార్, ఏం రాస్తున్నవ్?" అని అడుగుతారు. ఫోన్ బియ్యం డబ్బా మీద ఉంటుంది, లేచి వెళ్తే తప్ప అందదు. చోటు గురించి ఇంతే.

మీ జిల్లాలోనే పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో సర్వర్‌గా పనిచేశారు, ప్రూఫులు దిద్దారు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు తానే మోసుకుంటూ అమ్మారు, ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు. నవలలూ రాశారు. మంచి గది దొరికాక మొదలుపెడతామనేవాళ్లకు నేను ఆయన పేరు చెప్పి ఊరుకుంటాను.

ఇక వస్తువులు. మీరు చూసిన ఫొటోల్లో పిల్లల కథలు రాసిన ఇంగ్లీషు రచయిత రోల్డ్ డాల్ గుడిసె ఉండే ఉంటుంది. ఇంగ్లండ్‌లో, తోటలో కట్టుకున్న చిన్న గుడిసె. పాత వాలుకుర్చీలో కూర్చుని, దాని చేతుల మీద అడ్డంగా పలక వేసుకుని రాసేవాడు. పక్కన టేబుల్ మీద ఆపరేషన్‌లో తీసిన తన తుంటి ఎముక, చాక్లెట్ల వెండిరేకులు చుట్టగా చుట్టగా బరువెక్కిన ఒక ఉండ. (మన ఇళ్లలో ఎముక తెచ్చి బల్ల మీద పెడితే ఆ పూట ఎవరూ అన్నం తినరు.) అవి ఆయన జీవితంలోంచి వచ్చినవి కాబట్టి ఆయనకు పనికొచ్చి ఉంటాయి. అది చూసి మనం పాతసామాన్ల దుకాణంలో కందీలు కొనుక్కొచ్చి పెట్టుకుంటే గది ఫొటోకు బాగుంటుంది, అంతే. నా మొదటి పుస్తకం వచ్చినప్పుడు మిత్రులు ఒక పాత ఇంగ్లీషు టైప్‌రైటర్ కానుకగా ఇచ్చారు. చాలా బరువు. తెలుగు రాసేవాడికి అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అటకెక్కించాం.

నాకు పని చేసిపెట్టిన వస్తువు ఒక గొళ్ళెం. మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయిస్తున్నప్పుడు జనం దర్వాజలు, తలుపులు, దూలాలు ఊడబెరికి బండ్ల మీద వేసుకుని గట్టుకు చేరారు. అదే ప్రాజెక్టు కింద మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇళ్ల విషయంలో అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. అమ్మ వాటాకు వచ్చిన తలుపుకు తర్వాత చెదలు పట్టింది. గొళ్ళెం మిగిలింది.

ఇనప గొలుసు, మూడు కడియాలు. కొండీకి తగిలించే చివరి కడియం కొంచెం పొడుగ్గా ఉంటుంది. బొటనవేలితో లోపలి అంచు తడిమితే ఒక వైపే పలచబడిపోయిందని తెలుస్తుంది, గట్టిగా నొక్కితే వేలికి గుచ్చుకుంటుంది. మిగతా రెండు కడియాలూ అరగనే లేదు. అది తలదర్వాజ, అంటే వీధి తలుపు, గొళ్ళెమని ఇంట్లో అందరూ అనేవాళ్లు. మా వాడలో వడ్రంగి పని చేసే పెద్దాయనకు చూపిస్తే చేతిలో ఒకసారి ఆడించి, "ఇంత సన్నం గొలుసు తలదర్వాజకు పెట్టరు సారూ, లోపలి అర్రది" అన్నాడు. లోపలి అర్రకు బయటినుంచి గొళ్ళెం ఎందుకు? అదీ ఇంతగా అరిగేట్టు?

అమ్మను అడిగాను. మామయ్యలు వేరుపడ్డాక ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. జొన్నలు పోసిన నడిమి అర్ర ఇద్దరిదీ. ఎవరు తెరిచినా ఆ చప్పుడు రెండో పొయ్యి దగ్గరికి వినపడాలని అమ్మమ్మ ఆ గొలుసు కొట్టించిందట. అప్పటిదాకా నా ముంపు నవల పోలీసులు, లారీలు, నీళ్లతో మొదలయ్యేది. ఆ రోజు తర్వాత జొన్నల అర్ర ముందు ఇద్దరు తోడికోడళ్లతో మొదలైంది. పరిహారం డబ్బు ఎవరి పేరున రావాలన్న తగువు కూడా అక్కడినుంచే పుట్టింది. దానికోసం నేను విడిగా ఏమీ కల్పించాల్సిన పని పడలేదు.

అందుకే అంటున్నాను, వస్తువు బల్ల మీద ఉన్నంత మాత్రాన ఒక్క వాక్యం కూడా రాదు. దాన్ని చేతిలోకి తీసుకుని పోలీసోడిలా ఆరా తీయాలి. ఎవరిది, ఎక్కడ అరిగింది, ఎవరు బిగించారు, ఎవరికి భయపడి? తెలియనివి పనివాళ్లను అడగాలి, ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి. ఇంట్లోవాళ్లు చెప్పేదీ వస్తువు చూపించేదీ కలవని చోట నాకైతే అధ్యాయం దొరికింది.

కాగితం కూడా వస్తువే. మిషన్ పైన గోడకు మా ఊరి ఖాస్రా పహాణీ, అంటే పాత భూముల రికార్డు, నకలు అంటించుకున్నాను. 1954-55 నాటిది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు ఎవరు, సాగులో ఉన్నది ఎవరు అన్నీ అందులో ఉంటాయి. పట్టాదారు ఒకరై, దున్నేవాడు ఇంకొకరై ఉన్న చోటల్లా నేను పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నాను. తెలంగాణ పల్లె మీద నవల రాసేవాళ్లు ఊహించి తంటాలు పడేకన్నా, రెవెన్యూ ఆఫీసులో దరఖాస్తు పెట్టి నకలు తెచ్చుకోవడం మేలు. ఒక్కసారి పోతే పని అయిపోతుందనుకోకండి, అంతే.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు బాగా దిగిన ఎండాకాలాల్లో ఇటు మా సోమశిల వైపు మునిగిన ఊళ్ల ఆనవాళ్లు, ఇళ్ల పునాదులు బయటపడతాయి. నేను పోయి, అడుగులతో కొలిచి, గీసుకుని వస్తాను. అక్కడినుంచి మాత్రం ఏమీ తేను. మా అమ్మమ్మ గొళ్ళెం నాదే కానీ, అక్కడున్నది ఇంకెవరి అమ్మమ్మదో.

ఇంకో మాట. ఒక నవలకు ఒక వస్తువే పెట్టుకోండి. నవల అయిపోయాక దాన్ని సందుగలో పెట్టేయండి. నేను గొళ్ళేన్ని కొన్నాళ్లు అలాగే ఉంచితే, తర్వాత రాసిన ప్రతి కథా తిరిగి తిరిగి అదే ఇంటికి చేరేది.

ఇప్పుడు మీ మానిక. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, ఈ లెక్క మీకు తెలిసే ఉంటుంది. ముందు దాన్ని తోమకండి. దాంట్లో బియ్యం పోసి, తలకొట్టి (అంచుకు సమంగా) ఒకసారి, రాశిపోసి (పైన కుప్పగా) ఒకసారి కాటా మీద తూచండి. ఆ తేడా రాసుకోండి, ఎందుకంటే ఇచ్చేటప్పుడు తలకొట్టి ఇచ్చి, తీసుకునేటప్పుడు రాశిపోయించుకునే ఇళ్లు ఉండేవి. అడుగు చూడండి. సొట్ట లోపలికి ఉంటే ఆ మానిక తక్కువ పడుతుంది, బయటికి ఉంటే ఎక్కువ పడుతుంది. సొట్ట కింద పడి వచ్చిందా, ఎవరైనా కొట్టారా అన్నది కంచరి పని తెలిసినవాళ్లు చెప్పగలరు. తర్వాత ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను అడగండి. నాగుకు, అంటే గింజల అప్పుగా, తెచ్చిన వడ్లు పంట రాగానే ఒకటిన్నరగా తిరిగి కొలవాల్సిన రోజుల్లో, మీ అమ్మమ్మ ఆ మానికతో కొలిచి ఇచ్చేదా, లేక ఇంకొకరి మానికతో కొలిపించుకుని వచ్చి ఇంట్లో దీనితో మళ్లీ కొలుచుకునేదా? మొదటిదైతే మీ నవల అరుగు మీద మొదలవుతుంది. రెండోదైతే అరుగు కింద సంచి పట్టుకుని నిలబడ్డ మనిషితో. ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసిపెట్టుకోండి, ఏది నిజమో తేల్చాలని తొందరపడకండి.